కొంగుముడి

నిడుజివ్వి దారిలో రేకుల గుడి మాది.
కింద నాపరాళ్లు.
ఎన్నిసార్లు తుడిచినా అరచేతికి బూడిదగా అంటే రాతిపొడి.
బుధవారం కూటంలో పాట అయినాక
ఆడోళ్లు కొంగుముడులు విప్పుకుంటారు.
కానుకకు దాచిన పదిరూపాయల నోటు ఒక ముడిలో,
రాత్రొచ్చిన కల ఇంకో ముడిలో.

కడప నుంచి నెలకోసారి వచ్చే పాస్టరయ్య వద్దన్నాడు.
"పులిసిన మజ్జిగ తాగినా వస్తాయమ్మా కలలు.
వాక్యం చేతిలో ఉండగా వాటితో పనేంది?"
ప్రొద్దుటూరి నూనెసీసాల ప్రవక్త కావాలన్నాడు.
కలకు రెండు నూర్లు.
చెడ్డదైతే తిప్పి పంపడానికి ఇంకో మూడు నూర్లు.
వీళ్లిద్దరి నడుమ చాప మీద నేను, దెబోరమ్మను,
ఒకప్పుడు ఈ వాడ కలలన్నీ విప్పినదాన్ని.

నీళ్లు కనపడితే దీవెన అనేదాన్ని.
పాము అయితే శోధన.
పండ్లు ఊడితే చావు.
అది మా జేజి చెప్పింది, గ్రంథంలో యాడా ల్యా,
అయినా ప్రభువు పేరు ముందు పెట్టి చెప్పేదాన్ని.

కృపావతికి ఒక కల వచ్చింది ఆ యేడు.
పాడుబడిన క్వారీ గుంత నిండా నీళ్లంట,
నీళ్ల మీద తెల్ల దుప్పటి పరుచుకొని
వాళ్లాయన జకరయ్య పండుకొని నవ్వుతా ఉన్నాడంట.
"నీళ్లు కదా, తెలుపు కదా, దీవెనే పోమ్మా" అన్నా.
కూటమంతా చక్కెర పంచింది.
ఎనిమిదో నాడు రాయి జారింది.
దుప్పటి మాత్రం తెల్లదే తెచ్చినారు.

ఆ పొద్దు అతనికి ఒళ్లు కాలుతా ఉండిందంట.
పనికి పోవద్దని చెప్పబోయి,
దీవెన ఉంది కదా అని సద్ది కట్టి పంపిందంట.
ఈ మాట నాకు చెప్పింది వాళ్ల ఆడబిడ్డ.
కృపావతి ఇంతవరకూ నన్ను ఏమీ అనలా.
అనింటే బాగుండు.

అప్పటినుంచి నా నోరు మూతపడింది.
చెరసాలలో ఇద్దరి కలలు విప్పినోడి కథ
ఆదివారం పిల్లకాయలకు చెప్పినా
గిన్నె అందించేవాని కాడనే ఆపేస్తా,
రొట్టెల గంప దాకా పోను.

మొన్న బుధవారం లేచింది సలోమి,
చంకలో చంటిది, కాపురానికొచ్చి రెండేండ్లు.
"మంచం కింద ఒక కుక్క ఉంటాదత్తా.
మొరగదు. నా చెయ్యి కిందికి వేలాడతాది,
దాన్ని పట్టుకోనే ఉంటాది.
లాక్కోవాలనుకుంటా, రాదు."
కుక్కంటే శత్రువు, అనింది ఒకామె.
కాదు, కుక్క నాకితే పుండు మానుతాది, ఇంకొకామె.
మూడు దినాలు ఉపవాసం, అనింది ఎనకనుంచి ఎవురో.
"ఏ చెయ్యి?" అన్నా నేను.
ఎడమ చేతి మీదికి కొంగు లాక్కుంది.

మొగుడు కొట్టినాడని కూటంలో చెప్పకూడదు.
కల వచ్చిందని చెప్పొచ్చు.
ఇన్నేండ్లు ఎన్ని విప్పినానో,
ఒక్కసారి కూడా చెయ్యి చూపియ్యమని అడగలేదు కదా!

"దాని భావం నాకు తెల్దు" అన్నా అందరి ముందర.
"సంగటి ఉండాది, మా ఇంటికి పోదాం రా."
ఆ రాత్రి చంటిది నా పక్కలో ఉచ్చ పోసింది.
లారీ దిగి వాడు వాకిట్లోకొచ్చి అరిచినాడు,
నేను గడియ తీయలేదు.
సలోమి కల కనిందో లేదో అడగలా.

ఒకరి కల ఒకరు విప్పొచ్చా అంటే
పాస్టరయ్యకు ఏం చెప్పాలో నాకు ఇప్పుడూ తెల్దు.
వినకుండా తోసేయొద్దు అనైతే చెప్తా.
ఆ పైన, నా నోటికి నేనే భయపడతా.

తెల్లారి కృపావతి వచ్చింది
గుడ్డలో ఉప్పు కట్టుకొని, చేతికి కాపడం పెట్టడానికి.
"భావం ఏమన్నా చెప్పినావా?" అనింది.
"ల్యా."
"మంచి పని" అనింది.
చానా సేపు సలోమి చెయ్యే చూస్తా కూర్చుంది.
మెల్లగా, నా దిక్కు చూడకుండా,
"నాకూ రాత్రి ఒకటి వచ్చిందిలే" అనింది.

నేను పొయ్యి ఊదడం ఆపినా.